నీలం ఆల్బమ్‌లో లేని తొమ్మిదో నంబరు

నాలుగేళ్ళపాటు నా లెక్కలో బీటిల్స్ బృందం 1968లో, ‘రివల్యూషన్’ పాటతో, ఆగిపోయింది. దానికి కారణం చరిత్ర కాదు, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు. రైల్వేలో పనిచేసే మా మావయ్య, సికింద్రాబాదులో ఎల్పీలను, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులను, క్యాసెట్ల మీదికి ఎక్కించి ఇచ్చే ఒక దుకాణానికి ఒకే ఒక్క క్యాసెట్టు పట్టుకెళ్ళి, రెండు ఎల్పీల ఆల్బమ్‌లో మొదటిదాన్ని మాత్రం ఎక్కించుకొచ్చాడు. రెండోదాని సంగతి జీతం వచ్చాక చూద్దామనుకున్నాడట. ఆయన మళ్ళీ వెళ్ళేసరికి ఆ రికార్డును ఎవరో కొనుక్కుపోయారు. క్యాసెట్టు డబ్బా మీద ఆయన చేతిరాతతో ‘బీటిల్స్, నీలం’ అని ఉండేది. “మధ్యలో ముందుకు తిప్పకురా, వరసగా విను” అని చెప్పి నాకిచ్చాడు. వరసగానే విన్నాను. ఆ వరసతో నాకున్న తగవు మాత్రం ఇన్నేళ్ళయినా తీరలేదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ ఆల్బమ్ అసలు పేరు ‘1967–1970’. 1973 ఏప్రిల్‌లో బీటిల్స్ సొంత రికార్డు సంస్థ ఆపిల్ దీన్ని ‘1962–1966’ అనే మరో జంట ఎల్పీతో పాటు ఒకేసారి విడుదల చేసింది. అట్టల రంగును బట్టి లోకం వాటిని ఎరుపు, నీలం అని పిలుచుకుంది. ఎరుపు అట్ట మీద, 1963లో లండన్ మాంచెస్టర్ స్క్వేర్‌లోని ఈఎంఐ భవనంలో మెట్ల కటకటాల మీదుగా కిందికి వంగి నవ్వుతున్న నలుగురు కుర్రాళ్ళు, జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, ఉంటారు. నీలం అట్ట మీద అదే చోట, అదే ఛాయాగ్రాహకుడు యాంగస్ మెక్‌బీన్ 1969లో తీసిన ఫొటోలో, ఆ నలుగురే పెరిగిన జుట్టుతో, మీసగడ్డాలతో మళ్ళీ కిందికి చూస్తూ ఉంటారు. ఆ రెండు ఫొటోలను పక్కపక్కన పెడితే చాలు, మధ్యలో ఏదో జరిగిందని ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ జరిగినదేమిటో చెప్పే బాధ్యత నీలం ఆల్బమ్‌ది.

1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో చివరి కచేరీ చేసి, ఇక జనం ముందు వాయించేది లేదని ఊళ్ళు తిరగడం మానేసిన ఒక రాక్ బృందం, తర్వాతి మూడేళ్ళూ స్టూడియోనే ఒక వాద్యంగా మార్చుకుంది. ఆ మూడేళ్ళకు పైబడిన ప్రయోగకాలాన్ని 28 పాటల్లో, సైడుకు ఏడేసి చొప్పున నాలుగు సైడులలో కుదించిన సంకలనం ఇది. పాటల ఎంపిక అప్పటి మేనేజరు అలెన్ క్లైన్ చేతుల మీదుగా జరిగింది. దానికి ప్రేరణ కళాభిమానం కాదు: అమెరికాలో ‘ఆల్ఫా ఒమేగా’ పేరుతో ఒక దొంగ సంకలనాన్ని టీవీలోనూ రేడియోలోనూ ప్రకటనలిచ్చి మరీ అమ్ముతుంటే, అసలు సరుకును అంగట్లో పెట్టక తప్పలేదు. అంగడి కోసం కట్టిన మూట కాబట్టి అంగడి లెక్కలోనే గెలిచింది. మే నెలలో అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి వారం దాన్ని అక్కణ్ణుంచి దింపింది పాల్ మెకార్ట్నీ కొత్త బృందం ఆల్బమే కావడం ఆ కాలపు చిన్న వినోదం.

నా ఫిర్యాదు ఇది వ్యాపారం కోసం పుట్టిందని కాదు. మన ఇళ్ళలో మోగిన ఘంటసాల క్యాసెట్లూ సుశీల క్యాసెట్లూ ధర్మానికి పుట్టినవేమీ కావు. పాటను సినిమా నుంచి విడదీసి, సందర్భం మరిచిపోయి, మరో సినిమా పాట పక్కన పెట్టి వినడం మనకు తాతలనాటి అలవాటు. చాటుపద్యాలు బతికిందీ అలాగే. సంకలనం అనే ప్రక్రియ మీద తెలుగు శ్రోతకు చిన్నచూపు ఉండవలసిన పని లేదు, నాకూ లేదు. నా తగవు ఇంకాస్త ఇరుకైనది. ప్రయోగాల కాలానికి ప్రతినిధినని చెప్పుకునే ఈ ఆల్బమ్, ప్రయోగం అంటే పాటకు తొడిగిన నగ అన్న అభిప్రాయాన్ని వినేవాడి చెవిలో నాటుతుంది. అసలు పాటే కాకుండా పోవడానికి ఆ బృందం సిద్ధపడిన చోట్లన్నిటినీ జాగ్రత్తగా పక్కకు తప్పిస్తుంది. కానీ ఆ చోట్లు లేకపోతే ఈ నగలు కూడా ఉండేవి కావు.

ముందుగా ఇవ్వవలసిన గౌరవం ఇచ్చేస్తాను. ఈ ఆల్బమ్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’తో మొదలవుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో సింగిల్‌గా (వైపుకొక పాట చొప్పున ఉండే చిన్న రికార్డుగా) అమ్మిన పాటను మళ్ళీ ఎల్పీలో పెట్టి అభిమాని చేత రెండుసార్లు కొనిపించడం మర్యాద కాదన్న ఆచారం ఉండేది. 1967 ఫిబ్రవరిలో ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’, ‘పెన్నీ లేన్’ ఒకే సింగిల్‌కు రెండు వైపులుగా వచ్చాయి కాబట్టి, జూన్‌లో వచ్చిన ‘సార్జంట్ పెప్పర్’ ఎల్పీలో రెంటికీ చోటు దొరకలేదు. నిర్మాత జార్జ్ మార్టిన్ ఇది తన వృత్తిజీవితంలో చేసిన అతి పెద్ద తప్పని తర్వాత ఒప్పుకున్నాడు. అంటే బ్రిటన్‌లో అసలు ఎల్పీలను మాత్రమే కొనుక్కున్న శ్రోతకు ఈ కాలం ఎక్కడ మొదలైందో తెలిసే దారే లేదు. ‘పెప్పర్’కు ముందు ఆ జంట పాటలను నిలబెట్టి, ఆ తప్పును దిద్దినట్టు కనిపించేది నీలం ఆల్బమే. చరిత్రను వరసలో పెట్టడం సంకలనం మాత్రమే చేయగల పని, ఇది ఆ పని చేసింది.

ఇక ఆ పాట సంగతి. 1966 నవంబరు 24న మొదలుపెట్టి, వారాల తరబడి, గంటల కొద్దీ దాన్ని రికార్డు చేస్తూనే ఉన్నారు. చివరికి జాన్ లెనన్‌కు రెండు వేర్వేరు రూపాలు నచ్చాయి: ఒకటి నెమ్మదిగా, మెలోట్రాన్ (టేపు మీది ధ్వనులను మెట్లు నొక్కి పలికించే వాద్యం) మీది వేణునాదంతో నడిచేది, రెండోది ట్రంపెట్లతో, చెల్లోలతో దూకుడుగా సాగేది. మొదటిదాని మొదలూ రెండోదాని చివరా కలిపేయమన్నాడు. రెంటికీ శ్రుతి వేరు, లయ వేరు. మార్టిన్, శబ్దగ్రాహకుడు జెఫ్ ఎమెరిక్ కలిసి ఒక టేపు వేగం పెంచి, మరొకదాని వేగం తగ్గించి చూస్తే, అదృష్టం కొద్దీ, శ్రుతీ లయా దాదాపు ఒకచోటికి వచ్చాయి. పాట మొదలైన నిమిషానికి ఆ అతుకు వస్తుంది. తెలియనంతవరకూ వినిపించదు, ఒకసారి తెలిశాక వినిపించకుండా ఉండదు. అతుకు దాటాక గొంతు కాస్త మందంగా, మత్తుగా మారిపోవడం ఆ వేగం మార్పు ఫలితమే. మధ్యలో జలజలమని కిందికి జారే తీగల శబ్దం ఒకటి ఉంటుంది. అది జార్జ్ హారిసన్ వాయించిన స్వరమండల్. హిందుస్తానీ గాయకుడి ఒళ్ళో చూసిన వాద్యమే అదీ అని నాకు తెలిసింది క్యాసెట్టు అరిగిపోయాకే.

ఇలాంటి దాగిన ప్రయోగాలు ఈ ఆల్బమ్ నిండా ఉన్నాయి, వాటిని కాదనడం లేదు. 1967 జూన్ 25న ఉపగ్రహం ద్వారా ఎన్నో దేశాలకు ప్రత్యక్షంగా ప్రసారమైన ‘ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్’ చరణాలు చాలావరకు ఏడు దెబ్బల నడకలో సాగుతాయి. నాలుగుకు అలవాటు పడిన పాశ్చాత్య శ్రోత అక్కడ కాలు తప్పుతాడు. మిశ్రచాపు వింటూ పెరిగిన చెవికి మాత్రం అది చుట్టాలింట్లో అడుగుపెట్టినట్టుంటుంది. పల్లవి దగ్గరికి వచ్చేసరికి తిరిగి అందరూ చప్పట్లు కొట్టగల నాలుగులోకి వచ్చేస్తుంది కాబట్టి, ఊరేగింపుల్లో పాడుకునేవాళ్ళెవరికీ తాము ఒక లెక్క తప్పిన పాట పాడుతున్నామని తెలియదు. ‘హియర్ కమ్స్ ద సన్’ మధ్య భాగంలో సూర్యుణ్ణి మళ్ళీ మళ్ళీ పిలిచే చోట లయ మూడేసి మాత్రల ముక్కలుగా విరిగి, తిరిగి సమం మీద పడుతుంది. అప్పటికి సితారును పక్కన పెట్టి గిటారుకు తిరిగి వచ్చిన హారిసన్, రవిశంకర్ దగ్గర కూర్చున్న రోజుల నుంచి చేతిలో మిగుల్చుకున్నది ఆ తిహాయి లాంటి లెక్క. ‘హే జూడ్’ ఏడు నిమిషాలు దాటిన సింగిల్. అందులో సగానికి పైగా మాటల్లేని ఒకే ముక్తాయింపు. రేడియోల వాళ్ళు ఇంత పొడవు పాటను వేస్తారా అని సందేహించిన రోజుల్లో అది ప్రయోగమే.

నేను అడుగుతున్న ప్రశ్న వేరు. ఇవన్నీ బాణీ లోపల ఒదిగిపోయిన ప్రయోగాలు. బాణీలో ఒదగనివి ఎక్కడికి పోయాయి?

ఒక లెక్క చూడండి. 1967 నుంచి 1970 వరకు ఆ బృందం బ్రిటన్‌లో తొమ్మిది సింగిల్స్ విడుదల చేసింది. రెండేసి పాటల చొప్పున పద్దెనిమిది. అందులో పదిహేను నీలం ఆల్బమ్‌లో ఉన్నాయి, అంటే 28లో సగానికి పైన. మిగిలిపోయినవి మూడే. మూడూ వెనుక వైపు పాటలే. ఒకటి, ‘బేబీ యూర్ ఎ రిచ్ మ్యాన్’: క్లావియోలిన్ అనే తొలితరం విద్యుత్ వాద్యం నాగస్వరం పిల్లలా గీపెడుతూ సాగే పాట. రెండు, ‘ది ఇన్నర్ లైట్’: 1968 జనవరిలో హారిసన్ బొంబాయిలోని హెచ్‌ఎంవి స్టూడియోలో భారతీయ వాద్యకారులతో వాద్యసంగీతం మొత్తం రికార్డు చేసుకెళ్ళి, లండన్‌లో ప్రాచీన చైనా తావో గ్రంథంలోని మాటలను దాని మీద పాడిన పాట. మూడు, ‘యూ నో మై నేమ్’: ఒక పాత క్లబ్బును వెక్కిరిస్తూ సగం పాటగా, సగం అల్లరిగా సాగే నాలుగు నిమిషాల చిందర వందర. పద్దెనిమిదిలోంచి మూడు తీసేయాల్సి వస్తే సరిగ్గా ఈ మూడింటి మీదే చెయ్యి పడడం యాదృచ్ఛికమని నేననుకోను. దురుద్దేశమనీ అనుకోను. కొనేవాడు ముఖం చిట్లించే చోటు ఏదో అమ్మేవాడికి తెలుసు, అంతే.

సింగిల్స్ నుంచి ఎల్పీల వైపు తిరిగితే ఆ చెయ్యి మరింత స్పష్టంగా కనబడుతుంది. ‘పెప్పర్’లోని పదమూడు పాటల్లో నాలుగు తీసుకున్నారు, దిల్‌రుబా, తబలా, తంబురాల మీద అయిదు నిమిషాలు నడిచే ‘వితిన్ యూ వితౌట్ యూ’ వాటిలో లేదు. హారిసన్ భారతీయ సంగీతంలో కట్టిన మూడు పాటలలో 1966 నాటి ‘లవ్ యూ టూ’ ఎరుపులో లేదు, మిగతా రెండూ నీలంలో లేవు. విచిత్రమేమిటంటే నీలంలో హారిసన్‌కు అన్యాయం జరగలేదు. ఎరుపులో ఒక్క పాటా లేని మనిషికి ఇక్కడ నాలుగున్నాయి. నలుగురిలో ఒకడుగా గిటారు పట్టుకుని రాసిన పాటలైతే చోటుంది. నేల మీద కూర్చుని రాసిన పాటలైతే లేదు. పాశ్చాత్య రాక్ సంగీతం మీద మన సంగీతం వేసిన ముద్ర గురించి సభల్లో గొప్పగా చెప్పుకునే మనవాళ్ళు, ఆ బృందం కథను లోకానికి చెప్పిన ఈ ఎరుపు, నీలం అధికారిక సంకలనాల్లో ఆ ముద్ర ‘నార్వీజియన్ వుడ్’లోని సితారు దగ్గరా, ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’లోని స్వరమండల్ దగ్గరా, అంటే అలంకారం దగ్గర, ఆగిపోయిందని గమనించినట్టు లేదు. ‘ఎక్రాస్ ద యూనివర్స్’లో ‘జయ గురుదేవ ఓం’ వినబడగానే మా అమ్మమ్మ ఒకసారి వంటింట్లోంచి తొంగి చూసింది నిజమే కానీ, అది మంత్రం ధ్వనిని వాడుకోవడం. ‘ది ఇన్నర్ లైట్’ అలా కాదు. అందులో ఇంగ్లీషు మాటలే అతిథులు.

‘వైట్ ఆల్బమ్’ అని పిలిచే 1968 నాటి జంట ఎల్పీ దగ్గర అన్యాయం ఇంకా పెద్దది. ఆ ఏడాది ఫిబ్రవరిలో నలుగురూ రిషీకేశ్‌లో మహేశ్ యోగి ఆశ్రమానికి వెళ్ళి, ధ్యానం చేశారో లేదో గాని, సంచుల కొద్దీ పాటలు రాసుకొచ్చారు. అందులో చాలావరకు చేరిన ఆ ఎల్పీలో ముప్పై పాటలు ఉంటే నీలం వాటిలోంచి ఏరుకున్నది మూడు. ఆ ముప్పైలో పిల్లల జోలపాట ఉంది, ఇనుప గొలుసులు ఈడ్చినట్టుండే ‘హెల్టర్ స్కెల్టర్’ ఉంది, ఒకే పాటలో నాలుగు పాటలు ఇరికించిన ‘హ్యాపీనెస్ ఈజ్ ఎ వార్మ్ గన్’ ఉంది. ఆ ఎల్పీ గొప్పతనమంతా ఒకదాని పక్కన ఒకటి ఇమడని ఆ పొరపొచ్చాల్లోనే ఉంది. మూడు పాటలు ఏరిన తర్వాత మిగిలింది సభ్యత మాత్రమే. బడి పుస్తకాల్లోకి వేమన పద్యాలను ఏరేటప్పుడు మన పెద్దలు ఇదే చేశారు. ఉప్పు కప్పురాన్ని ఉంచారు, కులం మీద, గుడి మీద, గురువుల మీద ఆయన విసిరిన వాటిలో చేదైనవాటిని తీసేశారు. ఆ పద్యాలతోనే వేమన తెలిసిన పిల్లవాడికి వేమన అబద్ధంగా తెలిశాడని అనలేం. కానీ వేమన ఎందుకు వేమన అయ్యాడో అతనికి తెలియదు.

ఇప్పుడు ‘రివల్యూషన్’ దగ్గరికి వస్తాను, నా క్యాసెట్టు ఆగిన చోటికి. 1968 మే నెలాఖరున లెనన్ ఈ పాటను నెమ్మదైన నడకలో రికార్డు చేశాడు. ఒక ప్రయత్నంలో పాట అయిపోయిన తర్వాత కూడా వాయిద్యాలు ఆగలేదు, అరుపులు ఆగలేదు. అది పది నిమిషాలు దాటింది. దాన్ని రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్క ‘రివల్యూషన్ 1’గా మిగిలింది. తోకగా మిగిలిన గందరగోళాన్ని పునాదిగా వేసుకుని, దాని మీద గుండ్రంగా అతికించిన టేపు ముక్కలు, వెనక్కి తిప్పిన వాద్యబృందాలు, గుంపుల కేకలు, ‘తొమ్మిదో నంబరు, తొమ్మిదో నంబరు’ అని మళ్ళీ మళ్ళీ పలికే ఒక గొంతు పేర్చి, తన సహచరి యోకో ఓనో, హారిసన్‌ల తోడుతో ఎనిమిది నిమిషాల ఇరవై రెండు సెకన్ల ‘రివల్యూషన్ 9’ తయారు చేశాడు. నెమ్మది రూపాన్ని సింగిల్‌గా వేద్దామంటే మిగతావాళ్ళు జనానికి ఎక్కదన్నారు. దానితో జూలైలో పాటను వేగంగా మళ్ళీ వాయించి, గిటార్లను ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా మిక్సింగ్ బల్లకు తగిలించి, తట్టుకోలేనంత శబ్దాన్ని లోపలికి పంపి, ఆ చిరిగిన ధ్వనిని సాధించారు. నీలం ఆల్బమ్‌లో ఉన్నది ఈ మూడో సంతానం.

ఒకే తల్లికి పుట్టిన ముగ్గురిలో ఒకణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టి, మిగతా ఇద్దరూ పుట్టనే లేదన్నట్టు ప్రవర్తించడం అంటే ఇదే. పైగా ఆ మూడోవాడి కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళను చూడకుండా తెలియదు. మొదటిసారి ఆ గిటారు విన్నప్పుడు మా టేపురికార్డరు పాడైందనుకుని మావయ్యకు చూపించాను. “బాగానే ఉందిరా, వాళ్ళే అలా చేశారు” అన్నాడు. ఎందుకు చేశారో ఆయనకూ తెలియదు, ఆయన విన్నదీ ఆ క్యాసెట్టే కదా.

‘రివల్యూషన్ 9’ వినడానికి బాగుంటుందని నేను వాదించడం లేదు. ఏడాదికి రెండుసార్ల కంటే ఎక్కువ వినలేను. ‘అలాంటిదాన్ని సంకలనంలో పెడితే ఎవరు కొంటారు, ఇంకెన్ని మంచి పాటలు తీసేయాలి’ అన్న అభ్యంతరం నిజాయితీ గలదే. ఎనిమిది నిమిషాలంటే రెండు పాటల చోటు. నా జవాబు ఇది: ‘ఓబ్లా డీ ఓబ్లా డా’, ‘ఆక్టోపస్ గార్డెన్’ రెండూ కలిపితే దాదాపు ఆరు నిమిషాలు. వాటిని ఇష్టపడే పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి గట్టిగా అనలేను గాని, ప్రయోగకాలపు సంకలనంలో వాటికి దొరికిన చోటు దీనికి దొరకకపోవడం కాలం కొరత వల్ల కాదు.

అసలు ఆ కాలంలో స్టూడియోలో పాటా గోలా వేర్వేరు గదుల్లో బతకలేదు. 1967 జనవరి 5న ‘పెన్నీ లేన్’ మీద పని చేసిన తర్వాత, అదే రోజు, అదే స్టూడియోలో, మెకార్ట్నీ పూనికతో నలుగురూ దాదాపు పద్నాలుగు నిమిషాల శబ్దాల కలగాపులగం ఒకటి రికార్డు చేశారు. దాని పేరు ‘కార్నివాల్ ఆఫ్ లైట్’. లండన్ రౌండ్‌హౌస్‌లో జరిగిన ఒక వెలుగుల సంబరం కోసం చేసిన అది ఈనాటికీ విడుదల కాలేదు. రెండు వారాల తర్వాత, జనవరి 19న, ‘ఎ డే ఇన్ ద లైఫ్’ మొదలైంది. ఆ పాట మధ్యలో ఇరవై నాలుగు బార్ల (తాళం ఆవర్తాల) ఖాళీ వదిలి, దాన్ని దేనితో నింపాలో తెలియక, రోడ్ మేనేజరు మాల్ ఎవాన్స్ చేత అంకెలు లెక్కపెట్టించి ఉంచారు. ఫిబ్రవరి 10న నలభై మంది వాద్యకారులను పిలిచి, తమ వాద్యంలోని అతి కింది స్వరం నుంచి అతి పై స్వరం దాకా, పక్కవాడితో కలవకుండా, ఎవరి దారిన వారు ఎక్కమన్నారు. జీవితమంతా పక్కవాడితో కలిసి వాయించడమే నేర్చుకున్నవాళ్ళకు అంతకంటే కష్టమైన పని లేదు. జనవరిలో ఆ పద్నాలుగు నిమిషాల గోల చేసి ఉండకపోతే ఫిబ్రవరిలో ఆ ఖాళీని అలా నింపే ధైర్యం వచ్చేదా? అది నిరూపించగలిగే విషయం కాదు. కానీ నీలం ఆల్బమ్‌లో ‘పెన్నీ లేన్’ రెండోది, ‘ఎ డే ఇన్ ద లైఫ్’ ఆరోది. ఆ రెంటి మధ్య ఉన్న అసలైన మెట్టు, అయిదోదిగా వచ్చే ‘లూసీ’ పాట కాదని మాత్రం చెప్పగలను.

చోటు గురించి ఇంకో మాట. ‘పెప్పర్’లో ఆ పాట అన్నిటికంటే చివరిది. కల్పిత బ్యాండు మేళం తన ప్రదర్శన ముగించి, చప్పట్లు అందుకుని, వెళ్ళిపోయాక, తెర పడ్డ తర్వాత ఖాళీ వేదిక మీద లెనన్ గొంతు వినిపిస్తుంది. చివరన మూడు పియానోల మీద ఒకేసారి కొట్టిన ఒకే స్వరసముదాయం నలభై సెకన్లకు పైగా మోగి, ఇంకిపోతుంది. ఆ తర్వాత మౌనం ఉండాలి. నీలంలో దాని తర్వాత ఫ్రాన్సు జాతీయగీతంతో ‘ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్’ మొదలవుతుంది. మావయ్య వరసగా వినమన్నాడు కాబట్టి నాలుగేళ్ళు ఆ బాకాలను భరించాను. శవం లేవకముందే పెళ్ళి భజంత్రీలు వచ్చినట్టుండేది.

నాలుగేళ్ళకు రెండో ఎల్పీ ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. అది ముగిసే తీరు చూసి మరింత ఆశ్చర్యపోయాను. నీలం పాటలను దాదాపుగా విడుదల తేదీల వరసలో పేర్చింది. అందువల్ల ‘లెట్ ఇట్ బీ’ ఎల్పీ పాటలు ‘యాబీ రోడ్’ పాటల తర్వాత వస్తాయి, ఆఖరి పాట ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ అవుతుంది. కానీ ఆ పాట రికార్డయింది 1969 జనవరిలో, ‘యాబీ రోడ్’ వేసవికి ఆరు నెలల ముందు. పైపూతలు, అతుకులు ఏమీ లేకుండా నలుగురూ కూర్చుని ఉన్నదున్నట్టు వాయించాలని మొదలుపెట్టిన పనిలో భాగం అది. ఏడాది పైగా మూల పడి ఉన్న ఆ టేపుల మీద 1970లో నిర్మాత ఫిల్ స్పెక్టర్ వయొలిన్లను, స్త్రీల బృందగానాన్ని కుమ్మరించాడు. మెకార్ట్నీ దీనికి ఎంతగా మండిపడ్డాడంటే, బృందాన్ని చట్టపరంగా రద్దు చేయమని వేసిన దావాలో ఈ పాటకు జరిగినదాన్ని ఒక కారణంగా చూపించాడు. అంటే ప్రయోగకాలపు కథకు చివరి వాక్యంగా నీలం ఎంచుకున్నది, ఆ కాలపు పనితీరుకే విరుద్ధంగా, రాసినవాడి ఇష్టానికీ విరుద్ధంగా తయారైన ధ్వని. తేదీల పట్టిక అబద్ధం చెప్పదు. అలాగని అది చెప్పిన కథ నిజమూ కాదు. 1969 ఆగస్టులో ‘యాబీ రోడ్’ కోసం చేసిన పనిలో, మూగ్ సింథసైజరు అనే విద్యుత్ వాద్యంతో ఊపిరాడనివ్వని ఈదురుగాలి లాంటి హోరును పెంచుకుంటూ పోయి, ఏడు నిమిషాల నలభై నాలుగో సెకను దగ్గర కత్తెరతో కోసినట్టు ఆగిపోయే ‘ఐ వాంట్ యూ’ ఉంది. ముగింపు అంటే అది. 1973లో దానికి చోటు దొరకలేదు.

యాభై ఏళ్ళకు దొరికింది. 2023 నవంబరులో ఎరుపు, నీలం రెంటినీ పెంచి మళ్ళీ విడుదల చేశారు. నీలంలో తొమ్మిది పాటలు కొత్తగా చేరి, మొత్తం 37 అయ్యాయి. ‘ఐ వాంట్ యూ’ వచ్చింది, ‘డియర్ ప్రూడెన్స్’ వచ్చింది, ‘బ్లాక్‌బర్డ్’ వచ్చింది, అన్నిటికంటే ముఖ్యంగా ‘వితిన్ యూ వితౌట్ యూ’ వచ్చింది. దిద్దుబాటు జరిగిందని సంతోషించాను, ఇంకా సంతోషంగానే ఉన్నాను. సీడీలలో ఆ పాటలను కాలక్రమంలో వాటి వాటి చోట్ల ఇమిడ్చారు. ఎల్పీ కొన్నవాళ్ళకు మాత్రం మూడో రికార్డుగా వేరే కట్టి ఇచ్చారు. ఆలస్యంగా వచ్చిన చుట్టాలకు వేరే పంక్తి వేసినట్టు.

ఆ తొమ్మిదిలో ఒకటి ‘నౌ అండ్ దెన్’. 1970లలో లెనన్ తన ఇంట్లో పియానో దగ్గర కూర్చుని క్యాసెట్టు మీద పాడుకున్న పాట అది. యంత్రాల సాయంతో ఆ క్యాసెట్టు లోంచి పియానోను వేరు చేసి, గొంతును మాత్రం తేటగా బయటికి తీసి, 1995లో హారిసన్ వాయించిన గిటారును కలిపి, మిగిలిన ఇద్దరూ పూర్తి చేశారు. ‘1967–1970’ అని అట్ట మీద రాసి ఉన్న ఆల్బమ్‌లో దీన్ని చేర్చడం తప్పని తేదీల పక్షం వారు అన్నారు. నాకు అది తప్పనిపించలేదు. ఒక టేపులో చిక్కుకున్న ధ్వనులను విడదీసి, కాలం వేరైన ముక్కలను ఒకే శ్రుతిలోకి లాగి అతకడం ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’లో చేసిన పనే. నాకు అభ్యంతరం ఇంకోచోట ఉంది. తేదీలను అంత ఉదారంగా సాగదీయడానికి మనసొప్పిన వాళ్ళకు, ఆ నాలుగేళ్ళలోనే, ఆ బృందం పేరుతోనే వచ్చిన ‘ది ఇన్నర్ లైట్’ గుర్తుకు రాలేదు. వెనుక వైపు మూడు పాటలూ ఈసారి కూడా బయటే నిలబడ్డాయి. తొమ్మిదో నంబరు సంగతి చెప్పనే అక్కరలేదు.

మావయ్య పోయి ఆరేళ్ళయింది. ఆ క్యాసెట్టు ఇప్పుడు మోగదు, కానీ పాత 1973 నాటి ఎల్పీ జత ఒకటి సంపాదించుకున్నాను. ఆదివారం పొద్దున్న వేస్తే, రెండో సైడు ‘రివల్యూషన్’తో ముగిసేసరికి కాఫీ అయిపోతుంది. అక్కడ లేచి, మూడో సైడు పెట్టకుండా, ‘వైట్ ఆల్బమ్’ నాలుగో సైడు తీసి, ముల్లును చివరి నుంచి రెండో పాట దగ్గర దింపుతాను. ఇంట్లోవాళ్ళు తలుపు దగ్గరగా వేసుకుంటారు. ఎనిమిది నిమిషాల ఇరవై రెండు సెకన్ల తర్వాత మళ్ళీ నీలం ఎక్కించి, విమానం దిగుతున్న చప్పుడుతో ‘బ్యాక్ ఇన్ ద యూఎస్ఎస్ఆర్’ మొదలైతే, వాళ్ళు తలుపు తీస్తారు.